షెడ్డులో ఏళ్లుగా పడి ఉన్న పాత కారు వారసత్వంగా వచ్చిందా? ధర కట్టి అమ్మడం ఇలా

తాతగారిదో, మావయ్యగారిదో ఒక పాత కారు టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఇప్పుడది మీదైంది. తాళం చేతికి రాగానే ఎవరికైనా రెండు పనులు చేయాలనిపిస్తుంది. కొత్త బ్యాటరీ తెచ్చి స్టార్ట్ చేసి చూడటం ఒకటి, బకెట్టు నీళ్లతో శుభ్రంగా కడిగేయడం ఇంకొకటి. రెండూ వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

ఏళ్లుగా కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు గోడలకు పట్టేసి ఉండొచ్చు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురులా మారి కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాలను మూసేసి ఉంటుంది. అలాంటప్పుడు బలవంతంగా సెల్ఫ్ కొడితే రింగులు విరగొచ్చు, సిలిండర్ గీసుకుపోవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ‘ఇంజిన్ ఇంకా తిప్పి చూడలేదు’ అని చెప్పుకోదగ్గ కారు కాస్తా ‘ఇంజిన్ పోయింది’ అన్న కారవుతుంది. ఈ రెండు మాటలకీ ధరలో చాలా తేడా ఉంటుంది.

కడగడం సంగతి కూడా అంతే. ఏళ్ల దుమ్ము గరుకుగా ఉంటుంది, గుడ్డ పెట్టి రుద్దితే పెయింటు మీద గీతలు పడతాయి. నీళ్లు తుప్పు సందుల్లోకి దిగుతాయి. పైగా పాత కార్ల లోకంలో దొరికినది దొరికినట్టుగా ఉన్న బండికి ప్రత్యేకంగా గిరాకీ ఉంది. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఒక ఎస్టేట్‌లో దశాబ్దాలుగా మరుగునపడ్డ బయాన్ కుటుంబం కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యురియల్ సంస్థ వేలం వేసింది. అందులో పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒక్కటే 1.6 కోట్ల యూరోలు దాటింది. మీ షెడ్డులో ఫెరారీ ఉండకపోవచ్చు. కానీ ఆ వేలంలో తుప్పు పట్టి శిథిలమైన కార్లకు కూడా పోటీపడి పాడారన్నది గుర్తుంచుకోండి.

1. కదిలించక ముందే ఫొటోలు

టార్పాలిన్ తీస్తున్నప్పటి నుంచే తీయండి. నాలుగు వైపులా, బోనెట్ తెరిచి, డిక్కీ తెరిచి, సీట్ల కింద, కార్పెట్ ఎత్తి, మీటరు మీద అంకెలు కనిపించేలా. నేల మీద ఆయిల్ మరక ఉంటే అదీ తీయండి, ఏది ఎక్కడ కారుతోందో తెలిసినవాళ్లు దాన్ని చూసే చెప్పేస్తారు. ఈ ఫొటోలే రేపు అమ్మకం ప్రకటనకి పనికొస్తాయి, వారసుల మధ్య మాట పట్టింపులొస్తే సాక్ష్యంగానూ ఉంటాయి.

చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు పెట్టుకోండి. ఎలుకల పెంటికలుంటే పొడిగా ఊడ్చకండి, క్రిమిసంహారక మందు చల్లి తడిపాకే తీయండి. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, కాబట్టి చక్రాల దగ్గర దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదించొద్దు. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందికి ఎంత చిన్న పనికైనా దూరకండి.

2. కారు కంటే ముందు షెడ్డు వెతకండి

చాలామంది తొందరపడేది ఇక్కడే. షెడ్డు ఖాళీ చేయాలన్న హడావుడిలో కారు తప్ప మిగతాదంతా పాత ఇనుము వాడికి ఇచ్చేస్తారు. ఏళ్ల క్రితం రిపేరు మొదలుపెట్టి ఆపేసిన కారైతే దాని సగం సామాను అట్టపెట్టెల్లో, అల్మరా మీద, గోడకి కొట్టిన మేకులకి ఉంటుంది. వీల్ కప్పులు, బోనెట్ మీది బొమ్మ, గ్రిల్లు, లైట్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగులు, కిటికీ తిప్పే హ్యాండిల్, అసలు స్టీరింగ్, కారుతోపాటు కంపెనీ ఇచ్చిన జాకీ, పానాల సంచి... ఇవేవీ పారేయకండి. ఇంజిన్ భాగాలు ఎక్కడో ఒకచోట కొత్తవి దొరుకుతాయి. కొన్ని మోడళ్లకు ఒక చిన్న క్రోమ్ పట్టీ కోసం మాత్రం ఏళ్ల తరబడి వెతకాలి. ఏమిటో తెలియని ముక్క దొరికితే దానికీ ఒక చీటీ కట్టి పక్కన పెట్టండి.

తర్వాత కాగితాలు. మొదట కొన్నప్పటి బిల్లు, సర్వీసు పుస్తకం, పాత రిజిస్ట్రేషన్ పత్రాలు, ఇన్సూరెన్స్ రసీదులు, మెకానిక్ రాసిచ్చిన చీటీలు, యజమాని హ్యాండ్‌బుక్, అదనపు తాళంచెవులు. ఇంట్లో ఆల్బమ్‌లు కూడా తిరగేయండి. పెళ్లి ఫొటో వెనకాల ఈ కారే నంబర్ ప్లేటుతో సహా కనిపిస్తే అది మీకు జ్ఞాపకం, కొనేవాడికి చరిత్ర. ఒకే కుటుంబం చేతిలో ఉన్న కారని, రంగు మారలేదని, బాడీ మార్చలేదని నోటితో చెప్పేదాన్ని ఆ ఫొటో రుజువు చేస్తుంది. జ్ఞాపకానికి ఎవరూ డబ్బివ్వరు, రుజువుకి ఇస్తారు. అన్నిటినీ తేదీల వరసలో ఒక ఫైలులో పెట్టండి.

3. అమ్మే హక్కు మీకుందా?

కారు మీ షెడ్డులో ఉన్నంత మాత్రాన అమ్మే హక్కు వచ్చినట్టు కాదు. వీలునామా ఉంటే అందులో ఏముందో చూడండి, లేకపోతే మీరున్న చోటి చట్టం ప్రకారం వారసులెవరో తేల్చే పత్రం తీసుకోండి. ఒకరికంటే ఎక్కువమంది వారసులుంటే అందరూ సంతకాలు చేసి ఒకరికి అమ్మే అధికారం ఇవ్వడం మేలు. బేరం కుదిరాక, కొనేవాడు డబ్బుతో వచ్చి నిలబడ్డాక, ‘నన్నెవరూ అడగలేదే’ అని బాబాయి ఫోన్ చేస్తే అమ్మకంతో పాటు చుట్టరికమూ చెడుతుంది.

రిజిస్ట్రేషన్ ఇంకా చనిపోయినవారి పేరుతోనే ఉంటుంది. దాన్ని ముందు మీ పేరుకి మార్చాలా, నేరుగా కొనేవారి పేరుకి మార్చొచ్చా అన్నది వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కారు మీద పాత లోను ఎప్పుడో తీరిపోయినా కాగితాల్లో అలాగే మిగిలిపోయిందేమో చూడండి. వారసత్వ పన్ను ఉన్న దేశాల్లో సాధారణంగా యజమాని చనిపోయిన నాటి విలువను లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, అక్కడ విలువ కట్టిన నివేదికలో ఆ తేదీ ఉండాలి.

అమ్మేలోపు షెడ్డు కాలిపోయినా, దొంగలు పడినా నష్టం మీదే. నడవని కారుకి కూడా నిల్వ ఉన్నంతకాలం ఇన్సూరెన్స్ చేసే కంపెనీలుంటాయి, అడగండి.

4. నంబర్లు చదవండి

కారు ఏ మోడలో పేరు చూసి చెప్పేయొద్దు, నంబరు చూసి చెప్పాలి. ఛాసిస్ నంబరు ఒక ప్లేటు మీద ఉంటుంది, చాలా కార్లకు ఛాసిస్ మీద నేరుగా గుద్ది కూడా ఉంటుంది. ఇంజిన్ నంబరు ఇంజిన్ బ్లాకు మీద ఉంటుంది. 1981కి ముందు కార్లలో చాలావాటికి ఇప్పటిలా 17 అక్షరాల నంబరు ఉండదు. పొట్టిగా ఉందని కంగారు పడొద్దు.

నంబరు మీద గ్రీజు, మట్టి పేరుకుని ఉంటే మెత్తటి గుడ్డని కొద్దిగా కిరోసిన్‌లో తడిపి అద్ది తీయండి. ఎమెరీ కాగితంతో, వైరు బ్రష్‌తో గీకొద్దు. గీకిన గుర్తులు కనిపిస్తే, నంబరు చెరిపి మళ్లీ గుద్దారని కొనేవాడు అనుమానిస్తాడు. శుభ్రపడ్డాక దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌ని పక్కకు వంచి మెల్లగా రుద్దండి. అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా తేలతాయి. ఫొటోలో కనిపించని అంకె కూడా అందులో దొరుకుతుంది, ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకోవచ్చు.

ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజిన్‌తో వచ్చిందో అదే ఇంజిన్ ఇప్పటికీ ఉంటే దాన్ని మ్యాచింగ్ నంబర్స్ కారు అంటారు. ఖరీదైన మోడళ్లలో ఈ ఒక్క మాట మీదే ధర బాగా మారుతుంది. ఇది తేల్చడానికి కొన్ని పాత కంపెనీల రికార్డులు ఇప్పటికీ అందుబాటులో ఉన్నాయి. జాగ్వార్ కార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్, ఎంజీ, ఆస్టిన్, మోరిస్ లాంటి వాటిలో చాలా కార్లకు ఇంగ్లండ్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫీజు తీసుకుని ధ్రువపత్రం ఇస్తాయి. కారు తయారైన తేదీ, అప్పటి రంగు, ఇంజిన్ నంబరు లాంటి వివరాలు అందులో ఉంటాయి.

5. ఆరోగ్యం చూడండి, తుప్పుతో మొదలుపెట్టి

ఇంజిన్ ఎలా ఉందోనని అందరికీ టెన్షన్. నిజానికి పాత కారును మింగేసేది తుప్పు. ఇంజిన్‌ని విప్పి బాగుచేయొచ్చు, లెక్క ముందే వేయొచ్చు. తుప్పు పట్టిన బాడీ పని మాత్రం ఒకచోట మొదలుపెడితే ఇంకోచోట తేలుతుంది. తలుపుల కింద అంచులు, ఫ్లోరు, చక్రాల పైన ఉండే వంపులు, బ్యాటరీ పెట్టే చోటు, డిక్కీలో స్టెప్నీ గుంట, సస్పెన్షన్ బాడీకి బిగించే చోట్లు చూడండి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకుని బాడీ మీద మెల్లగా జరపండి. రేకు మీద అంటుకుని, ఒకచోట పట్టు వదిలేస్తే అక్కడ లోపల పుట్టీ ఉంది. అల్యూమినియం, ఫైబర్ బాడీలకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇంజిన్ తిరుగుతుందో లేదో తెలుసుకోవడం మాత్రం ధరకి అవసరం. పాత ఇంజిన్లు తెలిసిన మెకానిక్‌ని పిలిచి, స్పార్క్ ప్లగ్గులు తీయించి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోయించి, ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరిగితే మంచి కబురు, వీడియో తీసి పెట్టుకోండి. తిరగకపోతే ఆపేయండి, పొడుగాటి పైపు తగిలించి బలం చూపించొద్దు.

మిగతావన్నీ పోయాయనే లెక్క వేసుకోండి. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, లోపల సిలిండర్లు తుప్పు పట్టి ఉంటాయి. రబ్బరు పైపులు గట్టిపడి చిట్లుతాయి. టైర్లు చూడ్డానికి బాగున్నా నమ్మొద్దు. పక్క గోడ మీద తయారీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, ‘2309’ అంటే 2009లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందు టైరు. ఇలాంటి టైర్లతో కారును షెడ్డు బయటికి తోయొచ్చు గానీ రోడ్డెక్కించకూడదు.

6. ధర కట్టడం

మొదటి మాట, పాతదైనంత మాత్రాన విలువ రాదు. వోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని తీసుకోండి. 2003లో మెక్సికోలో తయారీ ఆపేసేనాటికి రెండు కోట్ల పది లక్షలకు పైగా తయారయ్యాయి, కాబట్టి మామూలు బీటిల్ అపురూపమేమీ కాదు. అదే బీటిల్‌లో 1953కి ముందు వచ్చిన, వెనక అద్దం రెండు ముక్కలుగా ఉన్న కారుకి ధర చాలా ఎక్కువ. ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలనుకుంటున్నారు అన్నవే లెక్క. సాధారణంగా నాలుగు తలుపుల సెడాన్ కంటే రెండు తలుపుల కూపేకి, దానికంటే టాప్ తీసే కారుకి గిరాకీ ఎక్కువ.

రెండోది, అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ప్రకటనల్లో నెలల తరబడి కూర్చున్న కార్ల ధరలు చూసి కలలు కనొద్దు. వేలం సంస్థలు అమ్ముడైన ధరల్ని ప్రకటిస్తాయి, వాటిని చూడండి. అయితే ఆ అంకెలో సాధారణంగా కొనేవారి ప్రీమియం, అంటే పాట ధర మీద కొనేవాడు వేలం సంస్థకి అదనంగా కట్టేది కూడా కలిసి ఉంటుంది. ఉదాహరణకి పాట 100 దగ్గర ముగిసి, కొనేవాడి ప్రీమియం 12 శాతం, అమ్మేవాడి కమిషన్ 8 శాతం అనుకుంటే ప్రకటించే ధర 112, మీ చేతికొచ్చేది 92. రవాణా ఖర్చు మీదైతే ఇంకా తగ్గుతుంది.

మూడోది, ధరల గైడ్లు నడిచే కార్లకు రాసినవి. అమెరికాలోని హాగర్టీ గైడ్‌లో ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలుంటాయి. ఒకటి అంటే ప్రదర్శన పోటీలకు నిలబెట్టే కారు, నాలుగు అంటే లోపాలున్నా నడిచేది. ఏళ్లుగా కదలని కారు సాధారణంగా నాలుగు కంటే కిందే ఉంటుంది. దాని ధరకి నేను నమ్మే పద్ధతి ఇది. అదే మోడల్, అదే సంవత్సరం, ఒక మాదిరిగా నడుస్తున్న కారు నిజంగా ఎంతకి అమ్ముడవుతోందో తీసుకోండి. మీ కారును ఆ స్థితికి తేవడానికయ్యే ఖర్చుని మెకానిక్, బాడీ పని చేసేవాడు ఇద్దరి దగ్గరా విడిగా రాయించుకుని అందులోంచి తీసేయండి. మిగిలినదాంట్లో ఇంకొంత భాగం, కొనేవాడు తలకెత్తుకుంటున్న రిస్కుకి వదిలేయండి. అదీ మీ ధర. లెక్క సున్నా కిందికి వెళ్తే ఆ కారు విలువ దాని విడిభాగాల విలువే. వినడానికి కష్టంగా ఉన్నా చాలా మామూలు సెడాన్ల సంగతి ఇదే.

అరుదైన మోడల్, ఫ్యాక్టరీ పెయింటు, ఒకే కుటుంబం, పూర్తి కాగితాలు ఉన్న కారైతే ఈ తీసివేత లెక్క పనిచేయదు. అక్కడ వృత్తిగా విలువ కట్టేవాళ్లని పిలవండి. వాళ్ల ఫీజు ముందే నిర్ణయించినదై ఉండాలి, విలువలో శాతంగా ఉండకూడదు. ‘ఉచితంగా చూసి ధర చెప్తాను, కావాలంటే నేనే కొంటాను’ అన్న మనిషి చెప్పేది విలువ కాదు, బేరంలో మొదటి మాట. ఆ మోడల్ యజమానుల క్లబ్బు ఉంటే అక్కడ ఒకరిద్దరితో మాట్లాడండి. ఏ సంవత్సరంలో ఏ బోల్టు మారిందో కూడా చెప్పగలిగే మనుషులుంటారు, వాళ్లకి కాస్త ఓపికగా చెవి ఒగ్గాలి, అంతే.

7. బాగుచేయించి అమ్మాలా?

నా మాట అడిగితే, వద్దు. పూర్తి రిస్టోరేషన్‌కి పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రావడం అరుదు. పైగా కొత్త పెయింటు వేశాక కింద ఏముందో ఎవరికీ కనిపించదు కాబట్టి అనుమానమూ పెరుగుతుంది. పెయింటు ఒక్కసారే అసలుది. పాత కార్లను ప్రదర్శనకు నిలబెట్టి బహుమతులిచ్చే పేరున్న కాంకూర్ పోటీల్లో రిస్టోర్ చేయని కార్లకు ప్రత్యేక విభాగాలు కూడా ఉన్నాయి.

డబ్బు పెట్టదగ్గవి కొన్నే. పట్టేసిన బ్రేకులు వదిలించి, టైర్లలో గాలి నిలిచేలా చేసి, తోస్తే కదిలేలా చూడండి. కదలని కారంటే కొనేవాడికి క్రేను గుర్తొస్తుంది. పాత పెట్రోలు తీయించేయండి, ఎలుకల గూళ్లు శుభ్రం చేయించండి. ఫొటోలన్నీ తీశాక, అమ్మే దారి ఖాయమయ్యాక, అప్పుడు కూడా కడగాలనిపిస్తే ముందు కొనేవాళ్లనో, వేలం సంస్థనో అడగండి.

8. ఎక్కడ అమ్మాలి

అరుదైన కారైతే వేలం సంస్థ. అక్కడ రిజర్వు ధర (అంతకంటే తక్కువకి అమ్మకూడదని పెట్టుకునే కనీస ధర), కారు అమ్ముడుపోకపోతే మీరు కట్టాల్సిన ఖర్చులు, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారన్నవి కాగితం మీద చూసుకోండి. ఫొటోలు, వీడియోలు బాగా తీసి, ప్రశ్నలకు ఓపికగా జవాబులిచ్చేవాళ్లకు ఆన్‌లైన్ వేలం బాగుంటుంది. డీలరుకి నేరుగా అమ్మితే తక్కువ వస్తుంది, పని ఆ రోజే అయిపోతుంది. డీలరు దగ్గర కారు పెట్టి అమ్మించేటట్టయితే, కారు అక్కడున్నంతకాలం ఇన్సూరెన్స్ ఎవరిది, మీకు కనీసం ఎంత దక్కాలి, గడువెప్పుడు అన్నవి రాయించుకోండి. మామూలు మోడళ్లకు క్లబ్బు సభ్యులే మంచి కొనుగోలుదారులు, ఏం కొంటున్నారో వాళ్లకి తెలుసు.

9. ప్రకటన

లోపాలు దాచొద్దు. పాత కార్లు కొనేవాళ్లు లోపాలు చూసి పారిపోరు, దాచినట్టు తేలితే పారిపోతారు. ఇలా రాయండి:

‘2004 నుంచి షెడ్డులోనే ఉంది. కుటుంబంలో ఒకే యజమాని, మొదటి బిల్లు ఉంది. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, స్టార్ట్ చేయలేదు. బ్రేకులు పనిచేయవు, తోస్తే కదులుతుంది. డ్రైవర్ వైపు ఫ్లోరులో అరచెయ్యంత చిల్లు, ఫొటో చూడండి. ఎడమ వెనక తలుపుకి ఒకసారి పెయింటు పడింది, మిగతాది ఫ్యాక్టరీదే అని మా నమ్మకం. విప్పిన భాగాలు రెండు పెట్టెల్లో ఉన్నాయి, జాబితా ఇస్తాం. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం.’

మీకు ఖాయంగా తెలిసింది ఖాయంగా, విన్నది విన్నట్టుగా రాయండి. ‘అరుదైనది’, ‘ఇలాంటిది మళ్లీ దొరకదు’ లాంటి మాటలు ఎవరూ నమ్మరు. ఇంటి చిరునామా, తాళంచెవుల ఫొటోలు బయట పెట్టొద్దు.

10. బేరం, డబ్బు, అప్పగింత

వార్త తెలియగానే మొదట వచ్చేది సాధారణంగా ‘ఇది తుక్కుకే పనికొస్తుంది, అయినా మీ కోసం తీసుకుంటా’ అనే పెద్దమనిషి. చేతిలో నోట్ల కట్ట కూడా ఉంటుంది. కాఫీ ఇచ్చి పంపండి. మీ ధర లెక్క పూర్తయ్యేదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దు, అడ్వాన్సు తీసుకోవద్దు.

కారును కళ్లతో చూడకుండానే అడిగినంత ఇస్తానని, పొరపాటున ఎక్కువ పంపానని, మిగతాది రవాణా ఏజెంటుకి పంపమని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పడిందన్న మెసేజ్, స్క్రీన్‌షాట్ నమ్మకండి. మీ ఖాతాలో పడిందని, వెనక్కి పోయే అవకాశం లేదని బ్యాంకుని అడిగి తెలుసుకున్నాకే తాళం ఇవ్వండి.

అమ్మకం పత్రంలో ఇద్దరి పేర్లు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, ధర, తేదీ, సమయం, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట, కారుతో ఇస్తున్న పెట్టెల జాబితా ఉండాలి. కాగితాల అసలు ప్రతులు ఇచ్చే ముందు మీకోసం కాపీలు తీసుకోండి. కారును ఎత్తి తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ ఖర్చు కొనేవాడిదని ముందే చెప్పండి. చక్రాలు తిరగకపోతే వాటి కింద పెట్టే ట్రాలీలు తెచ్చుకోమనండి, లేకపోతే గొలుసు బంపరుకి కట్టి ఈడుస్తారు.

కారు వెళ్లిపోయిన రోజే రిజిస్ట్రేషన్ ఆఫీసుకి అమ్మినట్టు తెలియజేసి, రసీదు తీసుకోండి. పేరు మారేదాకా ఆ కారు ఎక్కడ ఏం చేసినా నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఇన్సూరెన్స్‌ని ఆ తర్వాతే రద్దు చేయించుకోండి.